ఆత్మకూరు వత్తు, ఉదయగిరి గుడి

కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రతి అక్షరమూ, ప్రతి బటనూ చుక్కల మీద వేసిన ముగ్గే. ఆ చుక్కను పిక్సెల్ అంటారు. వాకిట్లో 15 చుక్కల ముగ్గు వేసేటప్పుడు చుక్కకూ చుక్కకూ మధ్య బెత్తెడు ఎడం పెడితే ముగ్గు వాకిలంతా పరుచుకుంటుంది. రెండు వేళ్ల ఎడం పెడితే గడప పక్కన ఓ మూలకు సర్దుకుంటుంది. చుక్కల లెక్క మారలేదు, గీత మారలేదు, మారింది ఎడమే. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు వచ్చే చిక్కు కూడా ఇదే. ప్రోగ్రాము రాసినవారు బటన్ వెడల్పు ఇన్ని చుక్కలు, ఎత్తు ఇన్ని చుక్కలు అని లెక్క కట్టేస్తారు. ఆ చుక్కలు ఎంత దగ్గరగా ఉండాలో నిర్ణయించేది మాత్రం తెర తయారుచేసినవారు. ఈ ఇద్దరికీ ముఖపరిచయం ఉండదు.

నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరు బస్టాండు పక్కనో ఉదయగిరి బజారులోనో ఉండే జిరాక్సు, డీటీపీ దుకాణాన్ని తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఇలాంటి దుకాణంలో పాత మానిటర్ 18.5 అంగుళాలది ఉంటుంది. దాని మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంటే అంగుళానికి సుమారు 85. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ తెర 15.6 అంగుళాలే, కానీ అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే అంగుళానికి 141. తెర చిన్నదైంది, చుక్కలు పెరిగాయి. 96 చుక్కల వెడల్పుతో గీసిన బటన్ పాత మానిటర్ మీద అంగుళం దాటి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ మీద ముప్పావు అంగుళం కూడా ఉండదు. అదే బటన్‌ను 27 అంగుళాల ఫోర్‌కే మానిటర్ మీద పెడితే అర అంగుళానికి కాస్త పైన. నలభై దాటిన కళ్లకు ఆ బటన్ మీది అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి.

ఈ చిక్కు మొదటి నుంచీ లేదు. 1984లో వచ్చిన ఆపిల్ మాకింటాష్ తెర 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల ఎత్తు. అంగుళానికి 72 చుక్కలు. అచ్చు లోకంలో పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు కాబట్టి, తెర మీద ఒక చుక్క కాగితం మీద ఒక పాయింటుతో సమానమయ్యేలా చూసుకున్నారు. విండోస్‌లో ఆ అంకె 96 అయింది. పుస్తకం కంటే తెర కంటికి దూరంగా ఉంటుంది కనుక అక్షరం మూడో వంతు పెద్దదిగా ఉండాలన్నది దాని వెనక ఉన్న తర్కం. 1987 నాటి వీజీఏ తెర 640 చుక్కల వెడల్పు. తర్వాత 800 వచ్చింది, 1024 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పేరుతో 1998లో కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టేనాటికి బల్ల మీద ఉన్నవి బరువైన గాజు గొట్టాల మానిటర్లు. చుక్కలు పెరిగినా తెర కూడా దాదాపు ఆ మేరకే పెరిగేది కాబట్టి అంగుళానికి 96 అన్న లెక్క కాస్త అటూ ఇటూగా రెండు దశాబ్దాలు నిలబడింది. ప్రోగ్రాము రాసేవారు దాన్ని ప్రకృతి నియమమనుకున్నారు.

2010లో ఐఫోన్ 4, 2012లో 2880 చుక్కల వెడల్పు తెరతో మాక్‌బుక్ ప్రో వచ్చాక ఆ లెక్క పోయింది. తెర సైజు పెంచకుండా చుక్కలు మాత్రం రెట్టింపు చేశారు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలై పల్లెపల్లెకూ కంప్యూటర్ చేరేనాటికి, ఒకే మండలంలో మూడు నాలుగు రకాల తెరలు ఉండటం మామూలైపోయింది.

చుక్కలు దగ్గరపడితే బొమ్మను పెద్దది చేయాలి. ఆ పని ఆపరేటింగ్ సిస్టం చేస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద స్కేల్ అని ఉంటుంది. 100, 125, 150, 175 శాతం, ఇంకా పైకి. 150 పెడితే 96 చుక్కల బటన్‌ను 144 చుక్కలతో గీస్తుంది. కంటికి మునుపటి సైజులోనే కనిపిస్తుంది, గీత మరింత నున్నగా ఉంటుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది.

మెలిక తర్వాత వస్తుంది. బొమ్మను ఒకటిన్నర రెట్లు పెంచితే తెర మీద పట్టే సరుకు ఆ మేరకు తగ్గుతుంది. నిలువుగా 1080 చుక్కలున్న ల్యాప్‌టాప్‌లో స్కేల్ 150 పెట్టగానే ప్రోగ్రాముకు దక్కే ఎత్తు 720 మాత్రమే. పాత మానిటర్‌లో 768 ఉండేది. డబ్బు పోసి కొన్న కొత్త యంత్రంలో చోటు తగ్గిందన్నమాట. కింద టాస్క్‌బార్ తినేది విండోస్ 10లో 40. అది పోగా పాతదాని మీద 728, కొత్తదాని మీద 680. 700 ఎత్తుతో గీసిన బిల్లింగ్ ఫారం పాత తెర మీద హాయిగా కూర్చుంటుంది. కొత్తదాని మీద కింద 20 చుక్కల మేర టాస్క్‌బార్ వెనక్కి దిగిపోతుంది. సేవ్, ప్రింట్ బటన్లను ప్రోగ్రాము రాసేవారు ఎప్పుడూ అడుగునే పెడతారు కాబట్టి దాక్కునేవి అవే. వివరాలన్నీ నింపిన మనిషి సేవ్ ఎక్కడుందో తెలియక మౌస్ పట్టుకుని వెతుక్కుంటాడు. ఎదురుగా రసీదు కోసం రైతు నిలబడి ఉంటాడు.

స్కేల్ పెంచినప్పుడు ప్రోగ్రాములన్నీ ఒకేలా నడుచుకోవు. వాటిలో మూడు జాతులున్నాయి. మొదటి జాతికి స్కేల్ అనేది ఒకటుందనే తెలియదు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 లాంటివి ఈ కోవలోవి. డీటీపీ దుకాణాల్లో అను అనే తెలుగు ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు ఇప్పటికీ దాంట్లో తయారవుతూనే ఉన్నాయి. ఇలాంటి ప్రోగ్రాము తన బొమ్మను 96 లెక్కలోనే గీసి ఇస్తుంది. విండోస్ విస్టా నుంచి వచ్చిన ఏర్పాటు ప్రకారం సిస్టం ఆ బొమ్మను ఫొటో సాగదీసినట్టు సాగదీస్తుంది. సైజు సరిపోతుంది, అక్షరాలు మాత్రం తడి కాగితం మీద ఇంకులా అలుక్కుపోతాయి. రెండో జాతి, యంత్రంలోకి లాగిన్ అయిన క్షణంలో స్కేల్ ఎంతుందో ఒకసారి చూసుకుని దానికి తగ్గట్టు గీసుకుంటుంది. మధ్యలో వేరే తెరకు మారితే మళ్లీ పాత కథే. మూడో జాతి ఏ తెర మీదికి వెళితే ఆ తెర లెక్క అడిగి తెలుసుకుంటుంది. 2013లో విండోస్ 8.1 దీనికి దారి తెరిచింది, 2017లో విండోస్ 10 మరింత మెరుగుపరిచింది. విండోను ల్యాప్‌టాప్ మీంచి పక్కనున్న ప్రొజెక్టర్ తెర మీదికి లాగినప్పుడు, స్కేల్ మారిందంటూ సిస్టం ప్రోగ్రాముకు ఒక కబురు పంపుతుంది. కొత్త సైజు ఎంతుండాలో కూడా ఆ కబురులోనే సూచిస్తుంది. ఆ కబురు విని అక్షరాలనూ పెట్టెలనూ తిరిగి గీసుకునేదే మూడో జాతి. ఇప్పుడు కొత్తగా రాసే ప్రోగ్రాము మొదటి రెండు జాతుల్లో పుట్టడానికి సాకు లేదు.

ఇంగ్లీషు ప్రోగ్రాముల్లో ఈ లోపాలు కొత్త తెర కొన్నాక బయటపడతాయి. తెలుగులో అయితే తెర మార్చక్కరలేదు, ఊరి పేరు టైపు చేస్తే చాలు.

ఆత్మకూరు అనే మాటను తీసుకుంటే, అందులో త కింద మ వత్తు వేలాడుతూ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచి పెట్టిన పెట్టెలో కింద అంత జాగా ఉండదు. ప్రోగ్రాముల ఫారాలు కట్టడానికి వాడే మైక్రోసాఫ్ట్ విండోస్ ఫారమ్స్‌లో లేబుల్ అనే చిన్న పెట్టె ఎత్తు చాలాకాలం 13 చుక్కలు. దానిలో వాడే అక్షరం సైజు 8.25 పాయింట్లు. ఇంగ్లీషుకు అది అతికినట్టు సరిపోతుంది. తెలుగు వరుసకు అంతకంటే ఎత్తు కావాలి. పెట్టె పెరగదు కాబట్టి అడుగున వత్తు తెగిపోతుంది. తెర మీద ఆత్మకూరు కాస్తా ఆతకూరు అవుతుంది. ఉదయగిరికి వత్తు గండం లేదు, దాని గండం పైన ఉంది. గి మీద గుడి, రి మీద గుడి. పెట్టె పై అంచు కాస్త కిందికి జరిగిందా, గుడి ఎగిరిపోయి గికీ గకూ తేడా తెలియదు. మర్రిపాడుకు రెండు గండాలూ ఒకే అక్షరంలో ఉన్నాయి. పైన గుడి, కింద ర వత్తు. ఇక రిజిస్ట్రేషన్ అనే మాట ఏ ఫారంలోనైనా తప్పదు కదా. అందులో ఒక్క స కింద ట వత్తూ ర వత్తూ చేరి, నెత్తిన ఏత్వం కూర్చుంటుంది. రెండంతస్తుల మేడను ఒంటి నిట్టాడి పాకలో దూర్చడం ఎలా ఉంటుందో, ఆ అక్షరాన్ని 13 చుక్కల పెట్టెలో పెట్టడం అలా ఉంటుంది.

వెడల్పు సంగతి కూడా ఇక్కడి మండలాల జాబితాతోనే తేలిపోతుంది. సంగం అంటే రెండక్షరాలు. అనుమసముద్రంపేట అంటే ఎనిమిది. వాడుకలో జనం ఏఎస్ పేట అనేశారు కానీ ప్రభుత్వ ఫారంలో పూర్తి పేరు కావాలి. సంగం, కలిగిరి చూసి వెడల్పు కొలిచిన పెట్టెలో అనుమసముద్రం వరకే కనిపించి పేట మాయమవుతుంది. బటన్ల మీది మాటలదీ అదే దారి. ఇంగ్లీషులో ఓకే, సేవ్ అనే పొట్టి మాటల కొలతకు కుట్టిన బటన్ మీద భద్రపరచు, రద్దుచేయి అని రాస్తే చివర రెండక్షరాలు అంచు దాటిపోతాయి.

ఫాంటు మారితే ఎత్తు కూడా మారుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాయి. ఇవి మూడూ ఒకే ఎత్తువి కావు. ఎక్స్‌పీ నాడు గౌతమితో కొలిచి కట్టిన ఫారం తర్వాతి విండోస్‌లో ఇంకో ఫాంటు ఎక్కించుకోగానే వరుసల ఎడం మారిపోతుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో పెద్దన ఉన్నాడు, ధూర్జటి ఉన్నాడు, 1514లో ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలే ఉన్నాడు. రాయలను తెచ్చి పెట్టెలో పెట్టినా, ఆ పెట్టె రాయల ఎత్తుకు పెరగకపోతే ఆయన కిరీటం కూడా తెగుతుంది.

దీనికి మందు ఒకటే. పెట్టెకు అంకెలు ఇవ్వకూడదు, సంబంధాలు ఇవ్వాలి. ఈ బటన్ 300 చుక్కలు కుడికి, 660 చుక్కలు కిందికి అని కాకుండా, ఈ బటన్ విండో కుడి మూలను అంటిపెట్టుకుని ఉండాలి, దాని వెడల్పు మీది మాటకు అటూ ఇటూ కాస్త జాగా కలిపినంత ఉండాలి అని చెప్పాలి. పేరు రాసే పెట్టె ఎత్తు అందులోని ఫాంటు వరుస ఎత్తును బట్టి రావాలి. జావాలో లేఅవుట్ మేనేజర్లు, క్యూట్‌లో లేఅవుట్లు, విండోస్ ఫారమ్స్‌లో యాంకర్, డాక్, టేబుల్ లేఅవుట్ ఉన్నది ఈ పనికే. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ డబ్ల్యూపీఎఫ్ అయితే కొలతనే చుక్కలో కాక అంగుళంలో 96వ వంతుగా పెట్టుకుంది. పనిముట్లకు కొరత లేదు, అలవాటే అడ్డం. జావా నేర్చుకునే విద్యార్థి ప్రాజెక్టులో తరచు సెట్‌లేఅవుట్ నల్ అని రాసి, ప్రతి పెట్టెకూ సెట్‌బౌండ్స్‌లో నాలుగేసి అంకెలు కొట్టేస్తాడు. తన ల్యాప్‌టాప్ మీద అద్దంలా కనిపిస్తుంది. పరీక్షకుడి ఎదుట ల్యాబ్ కంప్యూటర్‌లో తెరిస్తే సగం పెట్టెలు తెర బయట ఉంటాయి. ఆ నల్ అనే మాటను తీసేసి లేఅవుట్ నేర్చుకోవడానికి పట్టేది ఒక పూట.

అన్నిటినీ ఒకే లెక్కన పెంచడం కూడా సరికాదు. ఉదయగిరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చెక్కుతారు. ఉప్పు చెంచా నుంచి కూర గరిటె దాకా ఒకే ఇంట్లో తయారవుతాయి. గరిటె అంటే ఉప్పు చెంచాను ఆరింతలు చేసింది కాదు. దొప్ప పెద్దదవుతుంది, కాడ పొడుగవుతుంది, కాడ లావు మాత్రం పిడికిలి పట్టినంతే ఉంటుంది. పిడికిలి మారదు కదా. తెర మీద కూడా అంతే. తెర పెద్దదైతే పట్టికలో వరుసలు పెరగాలి, అక్షరం పెరగక్కరలేదు. చుక్కలు దగ్గరపడితే అక్షరమూ బటనూ పెరగాలి, పట్టిక గీత సన్నగానే ఉండాలి. విండోను లాగి పెద్దది చేస్తే చిరునామా రాసే పెట్టె సాగాలి, పిన్‌కోడ్ పెట్టె సాగనవసరం లేదు. ఆరు అంకెలకు జానెడు పెట్టె ఎందుకు?

సగం సగం లెక్కలు ఇంకో తలనొప్పి. స్కేల్ 200 అయితే ఒక చుక్క గీత రెండు చుక్కలవుతుంది, గొడవ లేదు. 125 అయితే ఒకటింపావు చుక్క కావాలి. పావు చుక్క వెలిగే తెర ఎక్కడా లేదు. ప్రోగ్రాము దాన్ని ఒకటిగా కుదించాలి, లేకపోతే పక్క చుక్కను మసకగా వెలిగించాలి. పట్టికలో 33 చుక్కల గడులు పది ఉంటే ఒక్కోటి 41 పావు అవ్వాలి. ప్రతిదాన్నీ 41కి కుదిస్తే చివరికి రెండున్నర చుక్కలు తేడా వచ్చి, పైన శీర్షిక గీతా కింద గడి గీతా ఒకదాని మీద ఒకటి పడవు. అందుకని ఒక్కో గడినీ విడిగా కుదించకూడదు. మొత్తం దూరం లెక్క కట్టి, ప్రతి గీత ఎక్కడ పడాలో ఆ మొత్తంలోంచి తీయాలి. చిన్న బొమ్మల గుర్తులకు, అంటే ఐకాన్లకు, రెండు మార్గాలు. 16, 20, 24, 32 చుక్కల సైజుల్లో విడివిడిగా గీయించి పెట్టుకోవడం ఒకటి, ఎస్‌వీజీ లాగా ఎంత పెంచినా పగలని గీతల బొమ్మ వాడటం రెండోది. 16 చుక్కల బొమ్మను పట్టి సాగదీస్తే ప్రింటర్ గుర్తు ఇటుకరాయిలా కనిపిస్తుంది.

లినక్స్ వైపు కథ కాస్త వేరు. అక్కడ స్కేల్ బాధ్యత డెస్క్‌టాప్‌కూ, బటన్లూ పెట్టెలూ గీసే టూల్‌కిట్‌కూ మధ్య పంచి ఉంది. విండోలను తెర మీద చూపించే పాత ఎక్స్ పద్ధతిలో తెరకొక స్కేల్ పెట్టడం కష్టం, దాని స్థానంలో వేలాండ్ వచ్చాక కుదిరింది. సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ అయినా, ఇంకేదైనా, లేఅవుట్ సరిగా రాసిన ప్రోగ్రాముకు అక్కడా ఇక్కడా పెద్ద తేడా పడదు.

పాత ప్రోగ్రామును తిరగరాయించే వీలు లేని దుకాణదారుకు కొన్ని చిట్కాలు పనికొస్తాయి. సేవ్ బటన్ తెర కింద దాక్కుంటే ట్యాబ్ మీట నొక్కుతూ పోతే కర్సర్ ఆ బటన్ దాకా వెళ్తుంది, అక్కడ ఎంటర్ నొక్కవచ్చు. బటన్ మీది మాటలో ఏదైనా అక్షరం కింద గీత ఉంటే ఆల్ట్ పట్టుకుని ఆ అక్షరం నొక్కినా చాలు. టాస్క్‌బార్‌ను దానంతటదే దాక్కునేలా పెడితే 40 చుక్కల చోటు తిరిగి వస్తుంది. అక్షరాలు అలుక్కుపోతుంటే ప్రోగ్రాము గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్ దాకా వెళ్లాలి. అక్కడ ఓవర్‌రైడ్ కింద మూడు ఎంపికలుంటాయి. అప్లికేషన్ అని పెడితే అక్షరం స్పష్టంగానే వస్తుంది కానీ చీమంత అవుతుంది. సిస్టం అని పెడితే సాగదీసిన మసక బొమ్మ వస్తుంది. సిస్టం ఎన్‌హాన్స్‌డ్ అనేదాంతో కొన్ని పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు పెద్దవిగానూ స్పష్టంగానూ వస్తాయి. ముందు దాన్నే ప్రయత్నించడం మేలు. చూపు ఆననివారికి స్కేల్‌తో పనిలేకుండా అక్షరాలను మాత్రమే 225 శాతం దాకా పెంచే సెట్టింగ్ విండోస్‌లో వేరే ఉంది. స్క్రీన్ రిజల్యూషన్‌నే తగ్గించేసే అలవాటు కొందరికి ఉంది. 1920 తెరను 1366కి దింపితే అన్నీ పెద్దవవుతాయి, నిజమే. కానీ తెర మొత్తం మసకబారుతుంది. తెరను దాని పుట్టుక రిజల్యూషన్‌లోనే ఉంచి స్కేల్‌ను మార్చుకోవడమే సరైన పద్ధతి.

ఇక కొత్తగా ప్రోగ్రాము రాయించుకునేవారు, ఎరువుల దుకాణమైనా సహకార సంఘమైనా, అప్పగించుకునే రోజున ఒక అరగంట కేటాయించాలి. స్కేల్ 100 నుంచి 125కి, 150కి, 175కి మార్చి చూడాలి. 768 ఎత్తున్న పాత మానిటర్‌కు తగిలించి సేవ్ బటన్ కనిపిస్తుందో లేదో చూడాలి. ప్రొజెక్టర్ ఉంటే విండోను అటూ ఇటూ లాగి చూడాలి. ఆ తర్వాత కీబోర్డును తెలుగుకు మార్చి ఊరు అన్న గడిలో ఆత్మకూరు, ఉదయగిరి, మర్రిపాడు అని, మండలం అన్న గడిలో అనుమసముద్రంపేట అని కొట్టించండి. మ వత్తు నిండుగా, గుడి నిండుగా, చివర పేట నిండుగా కనిపించాకే మిగతా బాకీ చెల్లించండి.